నీళ్లు తగిలితే ఏ నగ ఎంత పాడవుతుంది?

స్నానం చేసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు నగలు తీయకుండా ఉంచుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు లోహాన్ని బట్టి మారుతుంది.

22 క్యారెట్ల నగలో 91.6 శాతం బంగారం, మిగతాది ఎక్కువగా రాగి, వెండి; కనుక నీళ్లు తగిలినంత మాత్రాన దానికి తుప్పు పట్టదు. వరంగల్‌లో చాలా ఇళ్లలో వాడే బోరు నీటి ఉప్పు, సబ్బు జిడ్డు పేరుకొని మెరుపు తగ్గుతుంది, అంతే. అసలు నష్టం రాపిడివల్ల కలుగుతుంది. పుస్తెలతాడు గొలుసైతే లంకెలు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ఒరుసుకొని, కొక్కెం దగ్గర వెంట్రుకంత సన్నబడి, ఒకనాడు తెగిపోతాయి.

మెట్టెలు, పట్టగొలుసులు నల్లబడితే చాలామంది నీటిని నిందిస్తారు గానీ, గాలిలోని గంధకపు వాయువులు వెండితో కలిసి ఏర్పరిచే సిల్వర్ సల్ఫైడ్ పొరే ఆ నలుపు. చెమట, తేమ దానిని త్వరపెడతాయి. అయినా రోజూ తొడిగే వెండిపై ఆ పొర ఒరిపిడికి ఎప్పటికప్పుడు పోతూ ఉంటుంది గనుక, పెట్టెలో మూలుగుతున్నదే ఎక్కువ నల్లబడుతుంది. కరీంనగర్ ఫిలిగ్రీ వంటి సన్నని తీగపనిని మాత్రం బ్రష్షుతో రుద్దకూడదు. గోరువెచ్చని కుంకుడు రసంలో కాసేపు నానబెట్టి, మంచినీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దితే సరిపోతుంది.

అన్నింటికంటే త్వరగా పాడయ్యేది వన్ గ్రామ్ గోల్డ్, అంటే పైన పలుచని బంగారు పూత మాత్రమే ఉన్న నగ. ఉంగరమైతే అరచేతి వైపున పూత ముందుగా అరిగి, లోపలి రాగి ఎర్రగా బయటపడుతుంది. ఆ రాగి చెమటతో కలిసి వేలిపై ఆకుపచ్చని మచ్చ వేస్తుంది. ఇలాంటి నగను బతుకమ్మకో పెళ్లికో పెట్టుకొని, ఇంటికి రాగానే తుడిచి దాచడమే మేలు.