‘ఏ పేజీలో?’ అని అడుగు

బ్రాడీపేట,
గుంటూరు

అమ్మాయీ,

ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పిన మాటే రెండు రోజులుగా నా బుర్రలో తిరుగుతోంది. తొమ్మిదో తరగతి పిల్లలు ‘బారిష్టర్ పార్వతీశం’ నవల కథ గడగడా చెబుతున్నారు, పాత్ర గురించి రాయమంటే మాత్రం యాభైమందీ అవే నాలుగు మాటలు రాస్తున్నారు అన్నావు. మంచివాడు, దయగలవాడు, ధైర్యవంతుడు, పట్టుదల కలవాడు. గైడులోంచి దించేస్తున్నారని బాధపడ్డావు. గైడు ఒక్కదాన్నే అనకమ్మా. ‘పాత్ర స్వభావం రాయండి’ అని మనం అడుగుతున్నాం, వాళ్ళు గుణాలు వరసగా రాసేస్తున్నారు. ఆ ప్రశ్నకు అంతకంటే ఏం రాస్తారు?

ఇన్నేళ్ళు పాఠం చెప్పాక నా దగ్గర మిగిలినది ఒకే ప్రశ్న. ‘ఏ పేజీలో?’ అని అడగడం. పార్వతీశం అమాయకుడు అన్నావా, సరే, ఏ పేజీలో? ఆ వాక్యం పైకి చదువు. అతను ఏం చేశాడు, ఏం అన్నాడు, పక్కవాళ్ళు అతన్ని చూసి ఏమన్నారు? చదివిన వాక్యంలో అమాయకత్వం కనిపిస్తే సరే, లేకపోతే మాట మార్చుకో. మొదటి వారం పిల్లలకు విసుగొస్తుంది. మూడో వారానికి వాళ్ళే ఒకళ్ళనొకళ్ళు ‘ఏ పేజీలోరా?’ అని నిలదీసుకుంటారు. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క ప్రశ్న కోసమే. ఆ ప్రశ్న వదిలేస్తే అవి ఉత్త ఆటలైపోతాయి.

నువ్వు ‘బారిష్టర్ పార్వతీశం’తో మొదలుపెట్టావు కాబట్టి ముందు పెట్టె సర్దించు. మీ ఇంట్లో అటక మీద పాత రేకు ట్రంకు పెట్టె ఉంటే క్లాసుకు తీసుకెళ్ళు, లేకపోతే అట్టపెట్టె చాలు. మొగల్తూరు కుర్రాడు ఇంగ్లండు బయల్దేరుతున్నాడు. ఒక్కొక్కరూ ఒక చీటీ మీద ఒక వస్తువు పేరు రాసి పెట్టెలో వెయ్యాలి. పుస్తకంలో ఉన్న వస్తువైతే పేజీ నంబరు వెయ్యాలి. లేనిదైతే, అతను దాన్ని తప్పకుండా తీసుకెళతాడని నమ్మించే వాక్యం ఒకటి పుస్తకంలోంచి చూపించాలి. ఆ తర్వాత పెట్టె తెరిచి చీటీలు ఒక్కొక్కటే చదివించు. ఒకసారి వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల లేచి, ‘ఇతను వెళ్ళే ఊరికి కావాల్సినవి సర్దలేదు టీచర్, మన ఊళ్ళో ఉండటానికి కావాల్సినవే సర్దాడు’ అంది. పార్వతీశం గురించి నేను అన్నేళ్ళలో చెప్పని మాట అది. చీటీలు పారెయ్యకు. పరీక్షలో జవాబు రాసేటప్పుడు వాళ్ళకు పనికొచ్చేవి అవే.

ఇక కుర్చీ ఆట. ఒకరు పాత్రగా కుర్చీలో కూర్చుంటారు, తరగతి ప్రశ్నలు అడుగుతుంది. ఇది అందరికీ తెలిసిందే, నువ్వూ చేస్తానన్నావు. కానీ ఇందులో నేను ఒక పెద్ద తప్పు చేశాను, నువ్వు చెయ్యకూడదని చెబుతున్నాను.

అప్పట్లో ‘మాలపల్లి’లో కొన్ని అధ్యాయాలు తీసుకుని చదివిస్తున్నాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవెల్లూరు జైల్లో రాసిన నవల, అప్పటి ప్రభుత్వం నిషేధించిన నవల. మన గుంటూరులో ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టిన మనిషి రాసింది అంటే పిల్లలు చెవులు రిక్కించి విన్నారు. దళిత కుర్రాడు సంగదాసు భూస్వామి చౌదరయ్య చేతిలో చనిపోయే ఘట్టం అయ్యాక, చౌదరయ్యగా ఒక అబ్బాయిని కూర్చోబెట్టాను. మంచి గొంతు, బాగా చదివేవాడు. ‘ఎందుకు కొట్టావు, నీకు మనసెలా వచ్చింది’ అని తరగతి మొత్తం ఒక్కసారిగా వాడి మీద పడింది. వాడి మొహం ఎర్రబడింది, మాట తడబడింది. ఇంతలో బెల్లు కొట్టారు. నేను అటెండెన్సు రిజిస్టరు తీసుకుని పక్క క్లాసుకు వెళ్ళిపోయాను. మర్నాటి నుంచి గ్రౌండులో అందరూ వాణ్ణి ‘చౌదరయ్యా’ అనే పిలిచారు. నాలుగు రోజులు వాడు బడికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చి చెబితే గానీ నాకు తెలియలేదు.

ఆ తర్వాత నుంచి కుర్చీ మీద ఒక తువ్వాలు పెట్టేదాన్ని. అది భుజాన వేసుకుంటే పాత్ర. తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టి, సొంత పేరు పైకి చెప్పి వెళ్ళి కూర్చోవాలి. బెల్లు కొట్టినా సరే, అది కానిదే క్లాసు వదలకు. ఒక్కణ్ణే కాకుండా ముగ్గుర్ని కలిపి ఒకే పాత్రగా కూర్చోబెడితే భారం పంచుకుంటారు. పుస్తకంలో జవాబు లేని ప్రశ్నకు ‘చెప్పను’ అనే హక్కు వాళ్ళకు ఇవ్వు. ఇంకొకటి, దీన్ని మాత్రం చాలా గట్టిగా చెబుతున్నాను. ఏ పిల్లకూ ఏ పిల్లాడికీ వాళ్ళ ఇంటిని బట్టి, కులాన్ని బట్టి పాత్ర ఇవ్వకు. ‘నీకైతే బాగా తెలుస్తుంది కదా’ అనే మాట నోటివెంట రానివ్వకు. చీటీలు తీయించు.

అదే నవలలో వెంకటదాసు ఉన్నాడు చూడు, సంగదాసు అన్న. ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పెట్టే తక్కెళ్ళ జగ్గడుగా మారతాడు. అతనికి కుర్చీ కంటే గోడ బాగా పనికొస్తుంది. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు ఒక దారం కట్టి, అధ్యాయాల నంబర్లు వరసగా రాసి అంటించు. ‘ఇతను మారింది ఎక్కడ?’ అని అడుగు. ఎవరికి తోచిన చోట వాళ్ళు తమ పేరు, పేజీ, ఒక వాక్యం రాసి దారానికి తగిలిస్తారు. ఒకడు తమ్ముడి చావు దగ్గర తగిలిస్తాడు, ఇంకొకతె అంతకు ఎంతో ముందు, వాడు కోపం దిగమింగుకున్న చోట తగిలిస్తుంది. ఇద్దరికీ సర్దిచెప్పకు. ఒక పీరియడంతా కొట్టుకోనీ. మనిషి ఒక్కరోజులో మారడని వాళ్ళకు అక్కడే తెలుస్తుంది.

వరండాలో సుద్దతో మనిషి ఆకారం గీయించి, లోపల పాత్ర మనసులో మాటలు, బయట లోకం అతని గురించి అనే మాటలు రాయించడం కూడా బాగుంటుంది. ఒక పాత్ర ఇంకో పాత్రకు ఉత్తరం రాయడం నువ్వు ఎలాగూ చేయిస్తావు, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

బొమ్మల నవల గురించి అడిగావు. పిల్లలు బొమ్మలు చూసి పేజీలు తిప్పేస్తారని నీ టెన్షన్. తిప్పేస్తారు, మాటలు ముందే చదివేస్తారు కాబట్టి. మాటలు కనబడకుండా కాగితం అంటించి చూపించు. నా దగ్గర ‘భీమాయన’ ఉంది. అంబేడ్కర్ జీవితం, 2011లో వచ్చింది, దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ గోండు గిరిజనుల చిత్రాల పద్ధతిలో బొమ్మలు వేశారు. అందులో మాటల బుడగలు మూడు రకాలు. మెత్తగా మాట్లాడితే బుడగ పక్షిలా ఉంటుంది. మనసు గాయపరిచే మాటైతే దానికి తేలు కొండి ఉంటుంది. మనసులో అనుకునే మాటకు కన్ను గీశారు. నా దగ్గరున్నది ఇంగ్లీషు ప్రతి, అయినా ఏం ఫరవాలేదు. అక్షరం చదవకుండానే ఎవరు ఎవరిని కుడుతున్నారో పిల్లలు వేలుపెట్టి చూపిస్తారు. చిన్నప్పటి అంబేడ్కర్‌ను స్కూల్లో నీళ్ళు తాగనివ్వని పేజీ తెరిచి, ఆ పిల్లవాడి కళ్ళు ఎటు ఉన్నాయి, చేతులు ఎక్కడ ఉన్నాయి అని అడుగు. తర్వాత ఒక గడికీ ఇంకో గడికీ మధ్య ఏం జరిగి ఉంటుందో రెండు వాక్యాలు రాయించు. బొమ్మ గీయనిది పాఠకుడే పూరించుకుంటాడు, పిల్లలు పాత్ర లోపలికి వెళ్ళే దారి అక్కడ ఉంది.

ఆ తర్వాత పార్వతీశం దగ్గరకు మళ్ళీ రా. ఒక పేజీ ఇచ్చి నాలుగు గడుల్లో గీయమను. బొమ్మ బాగా రానివాళ్ళు గుండ్రటి మొహం, రెండు చుక్కల కళ్ళు గీసినా చాలు. పక్షి బుడగా తేలు బుడగా అన్నది ఎంచుకుని, ఎందుకో పేజీ చూపిస్తే మార్కులు వెయ్యి.

ఇవన్నీ ఒక్క నెలలో చెయ్యకు. సిలబస్ వెనకబడితే హెడ్మాస్టరు గారి దగ్గర నువ్వే మాట పడాలి. నవలకు రెండు చాలు, నా మాట వింటే పెట్టె, దారం పెట్టుకో.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు బెజవాడ వస్తున్నాను. ‘భీమాయన’ నీకు ఇస్తాను, పిల్లల చేతికి ఇవ్వడానికి భయపడకు, నలిగినా ఫరవాలేదు. నీ పార్వతీశం మూడో భాగానికి చివరి పేజీలు లేవన్నావు కదా, లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులన్నీ ఒకసారి చూద్దాం. పదింటికల్లా అక్కడికి వచ్చెయ్.

మీ టీచరు