గొడవల మధ్య టూరిస్టుకి కావాల్సింది లైవ్ కాదు, ఛార్జింగ్

"విదేశంలో అల్లర్లు జరుగుతుంటే టూరిస్టులకి సోషల్ మీడియా పనికొస్తుందా?" అని అడిగారు. నూటికి తొంభై పాళ్లు పనికిరాదు. 2025 సెప్టెంబరులో నేపాల్ రాజధాని కాఠ్మండులో ఇరుక్కున్నాం కాబట్టి చెబుతున్నా.

ముక్తినాథ్, పశుపతినాథ్ యాత్ర మాది. తమ దగ్గర రిజిస్టర్ చేసుకోలేదని అక్కడి ప్రభుత్వం 4వ తేదీన ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్‌ సహా 26 యాప్‌లు ఆపేసింది. అప్పటికే నాయకుల పిల్లల జల్సాలు చూసి మండిపోతున్న కుర్రాళ్లు 8న రోడ్డెక్కారు. ఆ ఒక్కరోజే 19 మంది పోయారు. రాత్రికి నిషేధం ఎత్తేస్తే మావాళ్లు "హమ్మయ్య, వాట్సాప్ వచ్చింది" అన్నారు. అసలు తలనొప్పి అప్పుడే మొదలైంది.

9న పార్లమెంటు, ప్రభుత్వ ఆఫీసులుండే సింహదర్బార్ తగలబడ్డాయి. గౌశాల అనే పేటలో మా హోటల్ డాబా మీద నుంచి పొగ కనిపిస్తోంది. మా బస్సులో వచ్చిన కుర్రాడొకడు ఆ పొగ వెనకాల పడేలా పిట్టగోడ దగ్గర నిలబడి "హాయ్ ఫ్రెండ్స్" అని లైవ్ మొదలెట్టాడు. కింద సందులో కర్రలతో పోతున్న గుంపులో ఒకడు తలెత్తి, ఫోన్ కేసి వేలు చూపించి అరిచాడు. మిగతావాళ్లూ ఆగిపోయారు. హోటల్ మేనేజరు పరిగెత్తుకొచ్చి, వీణ్ణి చొక్కా పట్టుకుని లోపలికి లాగి, కింద షట్టరు దింపించాడు. లైవ్ ఠక్కున ఆగిపోయేసరికి తునిలో వాళ్ల అత్తగారు అల్లుడికేదో అయిందని ఒకటే ఏడుపు. ఆవిణ్ణి ఊరుకోబెట్టడానికే మా ఫోన్లలో ఛార్జింగ్ అయిపోయింది.

ఇక చుట్టాల గ్రూపు సంగతి చెప్పక్కర్లేదు. కాఠ్మండులో ఉన్న మాకు కాఠ్మండులో ఏం జరుగుతోందో కాకినాడ నుంచి చెబుతారు! ట్రావెల్స్ వాళ్ల గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ రాయకూడదు, ఆ అడ్మిన్ ఫోనేమో స్విచాఫ్.

పనికొచ్చినవి రెండే. ఒకటి, మేనేజరు ఫోన్‌లో వైబర్, వాట్సాప్ లాంటి యాప్. రిజిస్టర్ చేసుకుంది కాబట్టి దాన్ని అసలు ఆపనే లేదు. ఏ సందులో ఏముందో, పాలు ఎక్కడ దొరుకుతాయో స్థానికులు అందులో చెప్పుకునేవారు. రెండు, మా అందరి పేర్లు, వయసులు, హోటల్ పేరు, ఒక్క ఫోన్ నంబరు రాసి ఆంధ్రా ప్రభుత్వం హెల్ప్‌లైన్‌కి పంపిన మెసేజ్. వాళ్లు తిరిగి ఫోన్ చేశారు. 11న విశాఖ, తిరుపతికి వేసిన ప్రత్యేక విమానంలో వచ్చేశాం.

విశాఖలో దిగాక టీవీవాళ్లు మైకు పెట్టింది మాత్రం ఆ లైవ్ కుర్రాడి ముందే.