తుంగలో తొక్కడం

సందేహం: "నిబంధనలను తుంగలో తొక్కారు" అని పత్రికల్లో రోజూ చదువుతుంటాం. ఈ తుంగ అంటే తుంగభద్ర నది అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదిస్తున్నారు. కాదు, చెరువుల్లో మొలిచే తుంగ అని నేనంటున్నాను. ఎవరిది సరి? పచారీ కొట్లో దొరికే తుంగముస్తెలు ఈ మొక్కవేనా? ఒక కొట్లో తుంగముష్టి అని రాసి ఉంది. ఏ రూపం ఒప్పు? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ మాటే సరి. నదికి ఇందులో పని లేదని క్రియే చెబుతోంది. నీళ్ళలో దేన్నయినా ముంచుతాం, కలుపుతాం, వదులుతాం. అందుకే గంగలో కలిసింది అంటాం, నీళ్ళొదిలాడు అంటాం. తొక్కాలంటే కాలి కింద అడుసు ఉండాలి. తుంగ మొలిచేది ఆ అడుసులోనే. చెరువు లోపలి పల్లాల్లో, కాలవ గట్ల వాలున, మురుగు తీయని చేలల్లో అది ఒత్తుగా లేస్తుంది. అందులో ఏ వస్తువునైనా పడేసి కాలితో తొక్కితే బురదలోకి దిగిపోతుంది. వంగిన పోచలు మళ్ళీ లేచి దాన్ని కప్పేస్తాయి. కాబట్టి కంటికి కనబడకుండా మరుగు చేయడమే ఈ పలుకుబడికి మొదటి అర్థమని, లెక్కచేయకపోవడం తరవాత వచ్చి చేరిందని నాకు తోస్తుంది. దమ్ము చేసేటప్పుడు తుంగను అడుసులోకి తొక్కేస్తారు కదా, అందులోంచి వచ్చిందేమో అని ఎవరైనా అంటే కొట్టిపారేయను. కాకపోతే అప్పుడది "తుంగను తొక్కడం" కావాలి, "తుంగలో" కాదు.

ఈ మధ్య "రికార్డులను తుంగలో తొక్కాడు" అని కూడా వింటున్నాను. బద్దలు కొట్టిన రికార్డు పదిమందికీ తెలుస్తుంది, మరుగున పడదు. "తుంగలోకి తొక్కారు" అనేవారూ ఉన్నారు. మొక్కను ఎరగనివాళ్ళ చేతుల్లో పలుకుబడి ఇలాగే పాడవుతుంది. వార్తలు రాసేవారు ఒక్కసారి ఏ చెరువు అంచుకో వెళ్ళి తుంగ కాడను తెంపి చూడాలని నా కోరిక.

తుంగగడ్డి అంటున్నాం గానీ తుంగ అసలు గడ్డి కాదు. వృక్షశాస్త్రంలో దానిది వేరే కుటుంబం, సైపరేసి. గడ్డి కాడకు కణుపులుంటాయి, చాలావాటికి లోపల బోలు. తుంగ కాడకు నేల నుంచి పూత దాకా కణుపు కనబడదు, లోపల మెత్తని బెండు ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పితే మూడు అంచులు ఒకదాని వెనక ఒకటి తగులుతాయి. ఆకులు కూడా మూడు వరసల్లోనే పుడతాయి. కాడ గుండ్రంగా ఉండే తుంగలూ లేకపోలేదు. చాపలల్లే తుంగ ఒకటి, వరిమడిలో ఏటేటా గింజ నుంచి మొలిచేవి వేరు, నైలు నది ఒడ్డున ఈజిప్టువాళ్ళు రాతకు వాడిన పపైరస్ కూడా ఈ జాతిదే. కొల్లేటి జమ్ము, కిక్కిస మాత్రం తుంగలు కావు. జమ్ముది మరో కుటుంబం, కిక్కిస నిజమైన గడ్డి.

మీరడిగిన ముస్తెలు ఒక రకం తుంగకు ఊరే దుంపలు. 1753లో లిన్నేయస్ ఆ మొక్కకు సైపరస్ రోటండస్ అని పేరు పెట్టాడు. నేలలోపల సన్నని తీగలు పాకుతాయి, వాటి వెంట గొలుసుకట్టుగా దుంపలు ఊరుతాయి. పైన నల్లటి పీచు, లోపల తెలుపు, నలిపితే మంచి వాసన. మొక్కను పట్టి లాగితే తీగ తెగుతుంది, దుంప నేలలోనే ఉండిపోతుంది. అలా మిగిలిన దుంప మళ్ళీ మొలుస్తుంది. ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు మొక్కల జాబితాను 1977లో శాస్త్రజ్ఞులు వేస్తే ఇదే మొదటిస్థానంలో నిలిచింది. దీనికి తేమ కావాలి గానీ, ఎప్పుడూ నిలవ ఉండే నీళ్ళలో నీరసిస్తుంది. తడి ఆరుతూ వచ్చే నేల దానికి బాగా నప్పుతుంది.

ఈ సంగతిని కాళిదాసు అంత బాగా పట్టుకున్నవారు లేరు. శాకుంతలం రెండో అంకంలో దుష్యంతుడు వేట మానేసి, అడవి జంతువులకు ఆ పూట ఊరట ప్రకటిస్తాడు. దున్నలు మడుగుల్లో మునగనీ, లేళ్ళు నీడల్లో నెమరు వేసుకోనీ అన్నాక వస్తుంది ఈ పాదం:

"విస్రబ్ధం క్రియతాం వరాహతతిభిర్ముస్తాక్షతిః పల్వలే"

అడవిపందుల గుంపులు భయం లేకుండా పల్వలంలో ముస్తెలు పెళ్ళగించుకోనీ అని. పల్వలం అంటే నది కాదు, పెద్ద చెరువూ కాదు, నీళ్ళు కొద్దిగా నిలిచే చిన్న గుంట. ముస్త మొలిచే చోటును కవి ఒక్క మాటతో చెప్పేశాడు. రఘువంశం తొమ్మిదో సర్గలో దశరథుడి వేట. పల్వలం బురదలోంచి ఒక్కసారిగా లేచి పందులు పారిపోతాయి. ఆ దారి "ముస్తాప్రరోహకవలావయవానుకీర్ణం", అంటే సగం నమిలిన ముస్త మొలకల ముక్కలు దారి పొడుగునా రాలి ఉన్నాయి, పక్కనే తడి అడుగుల వరస. రాజు ఆ జాడ పట్టుకునే వెంబడిస్తాడు. ఋతుసంహారం గ్రీష్మంలో "సభద్రముస్తం పరిశుష్కకర్దమం సరః", భద్రముస్తలున్న కొలనులో బురద ఎండిపోయింది, ఎండకు తాళలేని పందులు నేలలోకే దూరిపోతున్నట్టు మూతులతో తవ్వుతున్నాయి. (ఆ కావ్యం కాళిదాసుది కాదనేవారున్నారు. ఈ పద్యం చూస్తే నాకు ఆ చెయ్యే కనబడుతుంది.) మూడు చోట్లా అదే మొక్క, అదే జంతువు. నేల మాత్రం ఒకచోట తడిగా, ఒకచోట ఎండి ఉంది. పొలాలు తిరిగిన కళ్ళు తప్ప ఈ తేడా చూడలేవు.

సంస్కృత నిఘంటువు అమరకోశంలో అమరసింహుడు "కురువిందో మేఘనామా ముస్తా" అన్నాడు. మేఘానికున్న పేర్లన్నీ ముస్తకూ చెల్లుతాయని. అందుకే వైద్యగ్రంథాల్లో ఘన, అంబుద, వారిద అని కనబడితే ఆకాశం వైపు చూడకండి, అక్కడ కషాయంలో పడేది ఈ దుంపే.

ఇక మీ ఆఫీసు మిత్రుడి నది. సంస్కృతంలో తుంగ అంటే ఎత్తైనది, ఉత్తుంగంలో ఉన్నది అదే. మన మొక్క పేరు దేశ్యం, అంటే సంస్కృతం నుంచి రాని మాట, కన్నడంలో తుంగె. పశ్చిమ కనుమల్లో తుంగ, భద్ర పుట్టే కొండను వరాహపర్వతం అంటారు, ఆ నదులు వరాహస్వామి కోరల నుంచి వచ్చాయని స్థలపురాణం. వరాహం, తుంగ, భద్ర, భద్రముస్త అన్నీ ఒక్కచోట చేరేసరికి ముడివేయాలని మనసు లాగుతుంది. ఆధారం లేకుండా ముడి వేయకూడదు.

చివరి ప్రశ్న. సంస్కృత ముస్తే తెలుగులో ముస్తె అయింది. తుంగముస్తె, భద్రముస్త రాయండి. భద్రముష్టి అని జనం నోట వినబడుతుంది గనుక మాటల్లో తప్పని గద్దించలేను. రాతలో, అందులోనూ మందుపొట్లం మీద, ముష్టి రాయడం ఒప్పుకోను. తెలుగులో ముష్టి అంటే ముషిణి చెట్టు, విషముష్టి, స్ట్రిక్నిన్ అనే విషం ఉండే గింజ అదే. సున్నిపిండిలో కచ్చూరాలతో పాటు కలిపే దుంపకూ ఆ గింజకూ ఒకే పేరు ఉండకూడదు. మీరు చూసిన కొట్టాయనకు ఈ మాట చెప్పి, ఆ చీటీ మార్పించండి.