ప్రిమిటివ్, అటామిక్: రెండూ ఒకటేనా?

బరంపురంలో ఇంజనీరింగ్ చదివే తెలుగు విద్యార్థి ప్రశ్న ఇది: ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో వచ్చే ‘ప్రిమిటివ్’ అంటే ఏమిటి? ‘అటామిక్’ అన్నా అదేనా?

కాదు. ఒక స్థాయిలో పనిచేసేవారికి సిద్ధంగా దొరికే, అక్కడ ఇక విడగొట్టనక్కర్లేని ప్రాథమిక చర్య ప్రిమిటివ్. స్థాయి మారితే అదీ మారుతుంది. మామూలు ప్రోగ్రామర్‌కు మ్యూటెక్స్ (ఒకసారి ఒక్కరినే లోపలికి వదిలే తాళం) ప్రిమిటివే; దాన్ని రాసినవారికి మాత్రం అది ‘కంపేర్ అండ్ స్వాప్’ వంటి ప్రాసెసర్ ఆదేశాల మీద కట్టిన కట్టడం.

అటామిక్ చర్య సగంలో ఎవరికీ కనిపించదు. అది పూర్తిగా జరగాలి, లేదా అసలు జరగకూడదు. రాయగడలో విశాఖ బస్సుకు రెండు కౌంటర్లలో టికెట్లు ఇస్తున్నారనుకోండి. మిగిలినవి 10 సీట్లు. ఇద్దరు గుమాస్తాలూ ఒకేసారి 10 అని చూసి, చెరొక టికెట్ ఇచ్చి, 9 అని రాశారు. ఉండాల్సింది 8! సీ భాషలో ఒకటి తగ్గించే ‘మైనస్ మైనస్’ గుర్తు ఒక్క పనిలా కనిపించినా, చదవడం, తగ్గించడం, తిరిగి రాయడం అనే మూడు పనులు అందులో ఉంటాయి. థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో సాగే పనుల వరుసలు, ఢీకొనేది వాటి నడుమే. అందుకే సీ ప్రమాణంలో 2011లో అటామిక్ రకాలను చేర్చారు.

పరీక్షలో పనికొచ్చే ఉదాహరణ ఒకటి: జావాలో లాంగ్ (64 బిట్ల పూర్ణాంకం) ప్రిమిటివ్ రకమే, అంటే భాషలోనే సిద్ధంగా దొరికే ప్రాథమిక రకం. అయినా వోలటైల్ (వేరే థ్రెడ్లూ దీన్ని మార్చవచ్చని చెప్పే మాట) అని ప్రకటించకపోతే, దానిలోకి విలువ రాయడం అటామిక్‌గా జరుగుతుందని ఆ భాష హామీ ఇవ్వదు. 64 బిట్లను రెండు 32 బిట్ల ముక్కలుగా రాయవచ్చు.