ఎర్ర సిరాతో చుట్టిన స్టేషను

చిట్టీ,

మామయ్య ఆశీస్సులు.

నువ్వు లండన్ వెళుతున్నావన్న సంగతి నిన్న రాత్రి మీ అమ్మ చెబితే తెలిసింది. వీసా వచ్చి, టికెట్ కొని, ఊరందరికీ చెప్పాక ఆఖరున నాకు. ముందే చెబితే నేను భయపెడతానని ఊరుకున్నావట. భయపెడతాను. ఆ నగరంలో రెండేళ్లు అరకొర డబ్బుతో బతికినవాణ్ని, ఆ మాత్రం హక్కు నాకుంది. అయితే ఫోను పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మొన్నటిదాకా నా భుజమెక్కి కూర్చున్న పిల్ల సొంతంగా పరీక్షలు రాసి, సీటు తెచ్చుకుని, ఒంటరిగా విమానం ఎక్కబోతోందంటే గర్వంగా ఉండదా? ఉంది. దానితో పాటే కడుపులో ఒక మూల గుబులు కూడా ఉంది.

నువ్వు తయారుచేసుకున్న ఖర్చుల పట్టిక కూడా మీ అమ్మ పంపింది. అద్దె, రాకపోకలు, తిండి, పుస్తకాలు, చివరికి సబ్బుల ఖర్చు కూడా వేశావు. అచ్చం మీ నాన్న పోలిక. కానీ ఫోనుకు గడి లేదు. కింద చిన్న అక్షరాలతో ‘కాలేజీలో వైఫై ఉంటుంది, నెట్ లేని సిమ్ చాలు, అవసరమైతే అదీ తీసేయొచ్చు’ అని రాసుకున్నావు. ఆ ఒక్క వాక్యం చూసే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. దాని సంగతి తరవాత చెబుతాను.

ముందు గది. కళ్లతో చూడకుండా ఎవరికీ ఒక్క పౌండు కూడా పంపకు. ఫొటోలో కనిపించే గది, తాళం చెవులు పోస్టులో పంపుతానన్న యజమాని, రెండూ లేనివే అనుకో. మొదటి రెండు వారాలకు విశ్వవిద్యాలయం వాళ్ల వసతిగానీ హాస్టల్‌గానీ చూసుకుని, అక్కడినుంచి తిరిగి వెతుక్కో. చాలావరకు అద్దె ఇళ్లకు 5 వారాల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదని 2019లోనే చట్టం వచ్చింది. గది నీకోసం ఆపి ఉంచడానికి తీసుకునే సొమ్ము ఒక వారం అద్దె దాటకూడదు. ఆ డిపాజిట్‌ను 30 రోజుల్లోపు ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమచేసి నీకు వివరాలు ఇవ్వాలి. కానీ ఇంటి యజమాని అదే ఇంట్లో ఉంటూ నీకో గది ఇస్తే ఈ జమ నియమం వర్తించదు. అలాంటిచోట రసీదు లేకుండా డబ్బు చేతిలో పెట్టకు. దిగిన రోజే గోడలు, పరుపు, కిటికీ చట్రాలు అన్నీ ఫొటోలు తీసిపెట్టుకో. నా రోజుల్లో నా దగ్గర కెమెరా లేదు. అంతకుముందే ఉన్న ఒక తివాచీ మరకకు నేను డబ్బు కట్టాను.

ఇంట్లో అందరూ పూర్తికాల విద్యార్థులే అయితే కౌన్సిల్ టాక్స్, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థ ఇంటికి వేసే పన్ను, ఉండదు. విశ్వవిద్యాలయం ఇచ్చే ధ్రువపత్రం చూపించాలి. వాటాకు వచ్చిన వాళ్లలో ఉద్యోగస్థులుంటే మాత్రం ఆ ఇంటికి బిల్లు వస్తుంది. అద్దె మాట్లాడేటప్పుడే, కరెంటు, గ్యాసు అందులో కలిసి ఉన్నాయో లేదో అడిగినట్టే, ఇదీ అడుగు.

రాకపోకల దగ్గర తొందరపడి పాసులు కొనకు. బస్సుల్లోనూ ట్యూబులోనూ, అంటే అక్కడి భూగర్భ రైళ్లలోనూ, ఆనించి చార్జీ కట్టే కార్డును ఆయిస్టర్ అంటారు. విద్యార్థుల ఆయిస్టర్ కార్డుతో 30 శాతం తగ్గింపు ఉన్న మాట నిజమే కానీ, అది వారానికో నెలకో తీసుకునే ట్రావెల్ కార్డులకూ బస్సు పాసులకూ మాత్రమే. నీ తరగతులు వారానికి మూడు రోజులైతే అది నీకు నష్టం. 16-25 ఏళ్లవాళ్లకిచ్చే రైల్ కార్డు తీసుకుని, స్టేషనులో సిబ్బందిని అడిగి ఆయిస్టర్‌కు జోడించుకుంటే, రద్దీ లేని వేళల్లో మూడో వంతు తగ్గుతుంది. రద్దీ వేళలంటే పనిరోజుల్లో ఉదయం 6:30 నుంచి 9:30, సాయంత్రం 4 నుంచి 7. ట్యూబులో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు ఆనించాలి. దిగేటప్పుడు మరిచావా, గరిష్ఠ చార్జీ పడుతుంది. బస్సులో ఎక్కేటప్పుడు ఆనిస్తే చాలు. 2014 నుంచి బస్సుల్లో నగదు తీసుకోవడం లేదు. మొదటి బస్సులో కార్డు ఆనించిన గంటలోపు ఇంకోటి ఎక్కితే రెండో దానికి డబ్బు పడదు. పొద్దున కార్డు, సాయంత్రం ఫోను ఆనిస్తే ఇద్దరు మనుషులుగా లెక్కేస్తుంది. అప్పుడు రోజుకు ఇంతకు మించి చార్జీ పట్టకూడదన్న పరిమితి నీకు అందదు.

బస్సులోనే తిరుగు. ట్యూబులో తిరిగేవాళ్లకు నగరం స్టేషన్ల పేర్లుగానే తెలుస్తుంది. పై అంతస్తులో ముందు సీటులో కూర్చుంటే ఏ వీధి ఏ వీధికి అతుక్కుందో తెలుస్తుంది. నేను వెళ్లినప్పుడు వెనకవైపు తలుపు లేని పాత డబుల్ డెక్కర్లు ఇంకా ఉండేవి. 2005 డిసెంబరులో వాటిని మామూలు రూట్ల నుంచి తీసేశారు. ఆ రోజుల్లో లండన్ గురించి నాకున్న ఒకే ఒక్క గొప్ప, కదులుతున్న బస్సు వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడటం. నువ్వు అలాంటివి చేయకు.

తిండి విషయంలో నీకు చెప్పాల్సింది తక్కువ. రాత్రి పూట సూపర్ మార్కెట్లలో పసుపు చీటీలు అంటించి ధర తగ్గిస్తారు. కూరగాయలకు డాల్‌స్టన్‌లోని రిడ్లీ రోడ్డు, అప్టన్ పార్కు దగ్గరి క్వీన్స్ మార్కెట్ లాంటి సంతలు చూడు. ఆదివారం పెద్ద దుకాణాలు ఆరు గంటలే తెరుస్తారు. క్రిస్మస్ రోజున నగరంలో బస్సూ ట్యూబూ రెండూ నడవవు. ముందురోజే సరుకులు తెచ్చుకో, ఆ రోజు ఎవరింటికి నడిచి వెళ్లగలవో కూడా ముందే చూసుకో. పౌండును రూపాయల్లోకి మార్చి చూడటం మొదటి నెలతోనే ఆపెయ్. నేను ఆపలేదు. ఒక కప్పు కాఫీ ముందు నిలబడి, ఇంట్లో వారం పాలఖర్చు అని లెక్కవేసి, తాగకుండా వెనక్కి తిరిగిన రోజులున్నాయి. కాఫీ తాగకపోతే పోయింది, కానీ పక్కన కాఫీ తాగుదామని పిలిచిన మనిషి కూడా పోయాడు.

ఇప్పుడు ఫోను సంగతి.

నేను 2004 సెప్టెంబరులో వెళ్లాను. బ్లూమ్స్‌బరీలో, రస్సెల్ స్క్వేర్ స్టేషనుకు ఐదు నిమిషాల నడకలో ఒక హాస్టల్. స్టేషన్లలో ఉచితంగా ఇచ్చే ట్యూబు మ్యాపు ఒకటి ఇంటికి పంపాను. తాతయ్య దాన్ని బీరువా తలుపుకు అంటించి, రస్సెల్ స్క్వేర్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అది చూపించాకే మంచినీళ్లు.

ఫిబ్రవరిలో నేను పనిచేసే హోటల్లో పని పోయింది. అద్దె కట్టలేక ఏప్రిల్‌లో తూర్పున ఈస్ట్ హామ్‌కు మారాను. గదికి నలుగురం, పరుపులు రెండు. రాత్రి పనికి వెళ్లేవాళ్లు పగలు పడుకునేవాళ్లు, పగటి పనివాళ్లు రాత్రి. తెల్లవారుజామున ఆల్డ్‌గేట్ దగ్గర ఆఫీసులు ఊడ్చే పని దొరికింది. నా చదువుకు తాతయ్య చేసిన అప్పు ఎంతో నాకు తెలుసు. హాస్టల్ వదిలేశానని చెబితే ఆయన తట్టుకోలేరనుకున్నాను. చెప్పలేదు. మే నెల అద్దెకు తక్కువ పడితే సెల్‌ఫోను 25 పౌండ్లకు అమ్మేశాను. అదీ చెప్పలేదు. ఫోను చెడిపోయింది, ఆదివారం ఆదివారం నేనే చేస్తానన్నాను. గీకితే నంబరు వచ్చే కాలింగ్ కార్డులు ఉండేవి. వాటితో వీధిలోని ఫోన్ల దుకాణం నుంచి మాట్లాడేవాణ్ని. ఎంత తెలివిగా బతుకుతున్నానో అని నాలో నేనే మురిసిపోయాను.

2005 జులై 7, గురువారం. ఏడింటికి పని ముగించుకుని ఆల్డ్‌గేట్‌లో 115 నంబరు బస్సెక్కి గదికి వెళ్లి పడుకున్నాను. 8:49కి ట్యూబులో మూడు చోట్ల బాంబులు పేలాయి. ఒకటి నేను బస్సెక్కిన ఆల్డ్‌గేట్ పక్కనే సొరంగంలో. ఒకటి కింగ్స్ క్రాస్‌కూ రస్సెల్ స్క్వేర్‌కూ మధ్య. తరవాత ఒక గంటకు టావిస్టాక్ స్క్వేర్‌లో బస్సులో నాలుగోది. 52 మంది అమాయకులు పోయారు. నేను నిద్రపోతున్నాను.

సాయంత్రం ఐదింటికి, హోబర్న్ నుంచి అంత దూరమూ నడిచొచ్చిన గదిమిత్రుడు లేపితే తెలిసింది. ఒక్క క్షణం ఊరిపైనా ఊళ్లో జనంపైనా జాలిపడ్డాను చూడు, అంతే. మరుక్షణం ఆ ఎర్ర సున్నా గుర్తొచ్చింది.

ఇంట్లో టీవీలో మధ్యాహ్నం నుంచి ఆ పేరే చెబుతున్నారట. రస్సెల్ స్క్వేర్, రస్సెల్ స్క్వేర్. మీ నాన్న హాస్టల్‌కు ఫోను చేస్తే, ఆ అబ్బాయి ఏప్రిల్‌లోనే ఖాళీ చేశాడు, ఎక్కడికెళ్లాడో తెలియదు అన్నారు. దానికి ఏమనుకోవాలో వాళ్లకు తెలియలేదు. తాతయ్య మ్యాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారట, ఎవరు పిలిచినా లేవలేదట.

దుకాణంలో వరస వీధి దాకా ఉంది. లైను ఏడోసారికి దొరికింది. మన ఇంటి దగ్గర అప్పుడు రాత్రి పదిన్నర. మీ అమ్మ తీసింది. నువ్వు ఆమె కడుపులో ఏడో నెల.

“అక్కా, నేనే. గదిలోనే ఉన్నాను, క్షేమంగా ఉన్నాను.”

చాలాసేపు ఏమీ వినపడలేదు. తరవాత అడిగింది, “ఏ గది?”

ఏడవలేదు, తిట్టలేదు. అడ్రసు ఒక్కో అక్షరం చెప్పించుకుని రాసుకుంది. పోస్ట్‌కోడ్ రెండుసార్లు చెప్పించింది. తాతయ్య ఆ రాత్రి ఫోను దగ్గరకు రాలేదు. ఆదివారం మాట్లాడారు. అక్కడ ఎండగా ఉందా, వానగా ఉందా అని అడిగారు. అంతకు మించి ఏమీ అడగలేదు. అప్పు గురించి అడిగి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అందుకని ఫోనుకు గడి పెట్టు. సబ్బుల కన్నా పైన పెట్టు. ఎక్కడ ఉన్నా పనిచేసే నెట్‌తో నెలవారీ సిమ్ తీసుకో. ఇక్కడి సిమ్ కూడా చావనివ్వకు, బ్యాంకు సంకేతాలు దానికే వస్తాయి. ఇప్పుడు వీసా కూడా కాగితం మీద లేదు, ఆన్‌లైన్ ఖాతాలోనే. గది అద్దెకైనా పనికైనా అందులోంచి తీసిన షేర్ కోడ్ చూపాలి. ఆ ఖాతాలో ఉన్న నంబరు, ఈమెయిల్ పోగొట్టుకుంటే నువ్వెవరో నిరూపించుకోవడానికే తిరగాలి. నీ అడ్రసు ముగ్గురి దగ్గర ఉండాలి: మీ అమ్మ, నేను, అదే నగరంలో ఉన్న ఒకరు. గది మారితే ఆ రోజే చెప్పు. నీ మీద నిఘా పెడుతున్నానని విసుక్కుంటావు, తెలుసు. నువ్వు ఎప్పుడు ఇంటికొచ్చావో, ఎవరితో తిరిగావో నాకు అక్కర్లేదు. ఎక్కడ పడుకుంటున్నావో చాలు.

డబ్బు అయిపోతే కూడా చెప్పు. మాకు చెప్పడానికి మనసొప్పకపోతే విశ్వవిద్యాలయంలోని సలహా కేంద్రానికి వెళ్లు. కష్టాల్లో పడ్డ విద్యార్థులకు చాలాచోట్ల నిధి ఉంటుంది. అంతేగానీ చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి, లెక్కల్లో చూపకుండా చేతికి డబ్బిస్తామనేవాళ్ల దగ్గర పనికి చేరకు. వీసాయే పోతుంది.

మొదటి వారంలోనే జీపీ, అంటే ఆ పేట డాక్టరు, దగ్గర పేరు రాయించుకో. ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టావు కదా, దాన్ని వాడుకో. అడ్రసు రుజువు లేకపోయినా చేర్చుకోవాలి. రాత్రివేళ ఒంట్లో బాగోక ఏం చేయాలో తోచకపోతే 111కి, ప్రాణం మీదికొస్తే 999కి ఫోను చెయ్. అక్టోబరు చివర గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి, డిసెంబరులో నాలుగు కాకముందే చీకటి. అప్పుడు వచ్చే దిగులుకు నీ తప్పేమీ ఉండదు. గదిలో కూర్చోకు. గది చల్లగా ఉంటే పేట గ్రంథాలయానికి వెళ్లు, లేదా నేషనల్ గ్యాలరీకి వెళ్లు, ప్రవేశం ఉచితం. బొమ్మల ముందు బెంచీలుంటాయి. బొమ్మ చూస్తున్నట్టు కూర్చుని నేను ఎన్ని మధ్యాహ్నాలు కునికానో లెక్కలేదు.

తాతయ్య పోయాక ఆ మ్యాపు మీ అమ్మ తీసి దాచింది. ఈస్ట్ హామ్ దగ్గర ఆ రాత్రే ఆమె ఇంకో సున్నా చుట్టింది, పెన్సిలుతో, పక్కన అడ్రసు. నిన్న ఫోనులో అడిగితే బయటికి తీసిపెట్టానంది. గది ఖాయమవగానే స్టేషను పేరు పంపు. ఫ్లాటు నంబరు, పోస్ట్‌కోడ్ కూడా. తప్పుల్లేకుండా రాయి, మీ అమ్మ రెండుసార్లు చెప్పిస్తుంది.

నీ మామయ్య