ఆ ఇంట్లో పొయ్యిలెన్ని?

అడయారు, చెన్నై

బుజ్జీ,

అభివృద్ధి పరిశోధనలో ఇంటర్న్‌షిప్ కోసం నువ్వు రాసి పంపిన దరఖాస్తు నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. మొదటి పేరా అంతా పేదరికం పోవాలన్న నీ తపనే. నీ మనసు నాకు తెలుసు, అందులో అబద్ధం లేదు. కానీ ఇంటర్న్‌షిప్‌కి వచ్చే ప్రతి కాగితంలోనూ అదే మాట ఉంటుంది. పన్నెండేళ్ళు ఆ కాగితాలు చదివి మనుషుల్ని ఎంచుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నా, ఆ పేరా తీసెయ్. దాని చోట నువ్వు చేసిన పని ఒక్కటి రాయి.

పోయిన వేసవిలో కాలేజీ సర్వేకి అనంతపురం వైపు వెళ్ళావు కదా. ఆ అత్తాకోడళ్ళ ఇంటి గురించి ఫోన్లో అరగంట చెప్పావు. ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్ళు ఒక కుటుంబం అని మీ ప్రశ్నపత్రంలో ఉంది. ఒకే గడప కదా అని ముందు ఒక కుటుంబంగానే రాసుకున్నావు. లేచి వచ్చేస్తుంటే వెనక వసారాలో అత్త మూడు రాళ్ళ పొయ్యి మీద తనకు మాత్రం సంకటి కెలుక్కుంటూ కనిపించింది. మళ్ళీ కూర్చుని రెండు కుటుంబాలుగా రాశావు. బియ్యం కార్డేమో ఒకటే, అదీ కోడలి దగ్గర. నువ్వు ఆ రెండో పొయ్యి చూడకపోయి ఉంటే ముసలావిడ తిండి, మందులు, అప్పు అన్నీ కోడలి లెక్కలో కలిసిపోయేవి. ఇంత విషయం చేతిలో పెట్టుకుని దరఖాస్తులో ఒక్క ముక్కయినా రాయలేదేం తల్లీ? నాలుగు వాక్యాల్లో రాయి. చదివేవాళ్ళు అక్కడ ఆగుతారు.

ఇక ఎక్కడికి పంపాలో చూద్దాం. జెనీవా, న్యూయార్క్‌లలోని ఐక్యరాజ్యసమితి ఆఫీసులు తర్వాత చూసుకోవచ్చు. 1971లో ఆర్థికవేత్త మాల్కం ఆదిశేషయ్య స్థాపించిన మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్ మా గాంధీనగర్‌లోనే ఉంది. తరమణిలో వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ పెట్టిన పరిశోధన ఫౌండేషన్ ఉంది. బెంగళూరు వెళ్ళగలిగితే నాగరబావిలో ఆర్థికవేత్త వీకేఆర్వీ రావు పెట్టిన ఐసెక్ ఉంది, అదీ సామాజిక, ఆర్థిక మార్పుల మీద పరిశోధన చేసే సంస్థే. ఒకే ఉత్తరం అందరికీ పంపకు. ఒక పరిశోధకుణ్ణి ఎంచుకో, ఆయన వ్యాసం ఒకటి చివరిదాకా చదువు, అందులో నీకు అర్థం కాని పట్టికేదో చూపించి అడుగు. ఉత్తరం అర పేజీ దాటకూడదు. తమిళం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు అని ఉన్నదున్నట్టు రాయి. ఫీల్డుకు వెళ్ళాక అది ఎలాగూ దాగదు.

నీ తెలుగును మాత్రం తక్కువ అంచనా వేయకు. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975 నుంచి ఏళ్ళ తరబడి ఇంటింటి లెక్కలు రాసిన పల్లెల్లో ఉమ్మడి పాలమూరు జిల్లా ఔరేపల్లి, డోకూరు ఉన్నాయి. 2002లో మొదలైన యంగ్ లైవ్స్ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ పిల్లల్ని వరసగా చూస్తూ వచ్చింది. నాలుగు చోట్లా కలిపి దాదాపు 12,000 మంది. ఆ డేటా రిజిస్టర్ చేసుకుంటే దొరుకుతుంది. ఒక విడత సర్వే డేటా దించుకుని, లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్ స్టాటాలోనో ఆర్‌లోనో నీ చేత్తో ఒక్క పట్టిక తయారు చెయ్. అదే నీ రాతకు నమూనాగా జతచెయ్యొచ్చు.

చాలాచోట్ల డేటా పరీక్ష పెడతారు. మా దగ్గర ఎక్కువమంది ఒకే చోట పడిపోయేవారు. పొలం ఎన్ని ఎకరాలంటే "తెలీదు" అన్నవాళ్ళకు 999 అని కోడ్ వేసి ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి సగటు తీస్తే కూలి చేసుకునే పల్లె మొత్తం జమీందార్ల ఊరైపోతుంది. ఏ లెక్కయినా మొదలుపెట్టే ముందు ప్రతి కాలమ్‌లో అన్నిటికన్నా చిన్నదీ పెద్దదీ చూడు. ఒకే ఐడీ రెండుసార్లు పడిందేమో చూడు. ఏం మార్చావో డూ ఫైల్‌లో, అంటే స్టాటాకి నువ్వు ఇచ్చే ఆదేశాల ఫైల్‌లో, పక్కనే రాసుకో.

డబ్బు మాట. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో ఇంటర్న్‌కి జీతం ఇవ్వరు. ప్రయాణం, వీసా, బస అన్నీ మన చేతి ఖర్చే. మీ నాన్న అప్పు చేసైనా పంపుతానంటాడు, నువ్వు ఒప్పుకోకు. ఆ సంస్థ దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ పైసా అడగదు. ఎవరైనా ఫీజు కట్టమంటే అది మోసమే. నా స్నేహితురాలి కొడుకు అలాగే 12,000 రూపాయలు పోగొట్టుకుని ఏడాదిదాకా ఇంట్లో చెప్పలేదు.

ఫీల్డు పని ఇస్తే రాత్రి బస ఎక్కడ, తోడు ఎవరు, బండి ఉందా అని ముందే అడుగు. అడిగినందుకు చిన్నబుచ్చుకునే చోటయితే వద్దు.

సిఫారసు ఉత్తరానికి మీ మేడమ్‌ను గడువుకు మూడు వారాల ముందే కలువు. నీ సర్వే నోటుబుక్కు కూడా తీసుకెళ్ళు, ఆవిడకూ రాయడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఆదివారం పొద్దున్నే వచ్చెయ్. మొదటి పేరా రాసుకుని రా, మిగతాది ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

మీ పెద్దమ్మ