టెంటు చుట్టూ ఎంత వెలుగు కావాలి? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అక్కా, నమస్తే. మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఏటా కార్తీకంలో మా ఊరివాళ్లం నాలుగు కుటుంబాలు కలిసి వనభోజనాలకు వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేస్తాం. ఈసారి కార్తీకమాసం చివరి శనివారం కనకపుర వైపు తెలిసినవాళ్ల మామిడితోటలో రాత్రికి కూడా ఉండిపోదాం అనుకున్నాం, టెంట్లు అద్దెకు తీసుకుంటున్నాం. లైట్ల దగ్గరే గొడవ. మా ఆయన 50 వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి, మినుకుమినుకుమనే రంగురంగుల సీరియల్ సెట్లు ఆరేడు ఆర్డర్ పెట్టేశారు. మా తోడికోడలు ప్రమిదలు, కొవ్వొత్తులు చాలంటుంది. తోటలో మోటారు షెడ్డు దగ్గర తప్ప కరెంటు లేదు. అత్తయ్యగారు రాత్రిపూట ఒకటి రెండుసార్లు లేస్తారు, పిల్లల్లో చిన్నదానికి మూడేళ్లు. చూడ్డానికి అందంగా ఉండాలి, మాకు టెన్షన్ ఉండకూడదు. ఏం కొనమంటారు?
- ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు ఆ ఫ్లడ్ లైటు వెనక్కి పంపించేయమనండి. 50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ అంటే సుమారు 5000 ల్యూమెన్లు, అంటే మన హాల్లో వెలిగే 9 వాట్ల బల్బులు ఐదారింటి వెలుగంతా ఒకేవైపు కొడుతుంది. దాని ముందు కూర్చున్నవాళ్లకు ఆ వెలుగు గీత దాటితే ఏమీ కనపడదు, చెట్టు మొదట్లో పామున్నా తెలియదు, పిల్లవాడు అటువైపు వెళ్లినా తెలియదు. మన కళ్లు చీకటికి బాగా అలవాటుపడటానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, అలాంటి లైటు వైపు ఒక్కసారి చూస్తే ఆ అలవాటంతా పోయి మళ్లీ మొదటికొస్తుంది. పైగా దానికి 230 వోల్టుల కరెంటు కావాలి, మోటారు షెడ్డు నుంచి తడి నేలమీద వైరు లాగాలి. అసలు వద్దు.

ఇంకో సంగతి. కార్తీకం చివరి శనివారం అన్నారు కదా, అమావాస్యకు దగ్గర పడుతుంది. మబ్బు లేకపోతే రాత్రి ఎనిమిదింటికి తూర్పున కృత్తికలు గుంపుగా బాగా పైకి వచ్చి ఉంటాయి, వాటి కింద రోహిణి ఎర్రగా కనపడుతుంది, ఇంకాసేపటికి మృగశిర, ఆర్ద్ర లేస్తాయి. మారతహళ్లి బాల్కనీలో పిల్లలకు ఇవి దొరకవు. తోట దాకా వెళ్లి వీటిని లైట్లతో చెరిపేసుకోవడం నాకు చాలా బాధనిపిస్తుంది. అందుకే మీరు ఏ లైటు కొన్నా ఒక్కటే చూడండి: వెలుగు నేలమీద పడాలి, ఆకాశంలోకి పోకూడదు, కళ్లలో పడకూడదు. అందం కోసం లైట్లు ఎక్కువ పెట్టక్కర్లేదు, సరైన చోట తక్కువ పెడితే చాలు.

రంగు విషయానికొస్తే, డబ్బా మీద వార్మ్ వైట్ అనీ 2700కె లేదా 3000కె అనీ ఉన్నవే తీసుకోండి. 6500కె అని ఉంటే అది ట్యూబులైటు తెలుపు, తోటలో ఆసుపత్రి వరండాలా ఉంటుంది, పురుగులు కూడా దానికే ఎక్కువ వస్తాయి. నీలం, అతినీలలోహిత కాంతి కలిసిన తెలుపు పురుగుల్ని బాగా లాగుతుంది, పసుపు కాంతికి తక్కువ వస్తాయి. 2024లో వచ్చిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, ఎగిరే పురుగులు వెలుగున్న వైపే ఆకాశమనుకుని వీపు అటు తిప్పుతాయట, దగ్గర్లో దీపం ఉంటే ఆ తిప్పడంలోనే దాని చుట్టూ చిక్కుకుపోతాయి. అందుకని వడ్డించే చోట గిన్నెలకు సరిగ్గా పైన లైటు వేలాడదీయకండి, చారులో పడేవి అవే. పక్కకు, నాలుగడుగుల దూరంలో కట్టండి. పల్లెల్లో దీపం కింద వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పెడతారు కదా, అలాంటిది వంట చేసే చోటికి కాస్త ఎడంగా పెడితే ఇప్పటికీ పనికొస్తుంది.

మీ ఆయన తెప్పించిన సీరియల్ సెట్లు ప్లగ్గువైతే ఇంట్లోనే ఉంచండి, దీపావళికి పనికొస్తాయి. తోటకు యూఎస్‌బీ మీద నడిచే రాగి తీగ లైట్లు చాలు, రెండు మూడు దండలు. మామిడి మొదళ్ల మధ్య తలకు తగలనంత ఎత్తున, అంటే ఏడడుగుల పైన, ఒక దండ. దాన్ని మేకులు కొట్టి కట్టొద్దు, పాత చీర చింపి నాలుగువేళ్ల వెడల్పు పట్టీలు చేసుకోండి, బెరడు దెబ్బతినదు, ముడి కూడా తేలిగ్గా వస్తుంది. రెండో దండ మాత్రం టెంటు తాళ్లకే చుట్టండి. రాత్రిపూట ఎక్కువమంది పడేది ఆ తాళ్లు తట్టుకునే, మేకు కొట్టిన చోట నేలనానుకుని రెండు మూడు చిన్న దీపాలు కనపడితే పిల్లలు ఎంత పరిగెత్తినా పక్కనుంచి పోతారు. టెంటుకు ఇంతకన్నా మంచి అలంకారం లేదు.

పవర్ బ్యాంకు గురించి కొంచెం లెక్క చెప్తాను. 10,000 ఎంఏహెచ్ అని రాసున్నది లోపలి బ్యాటరీ లెక్క, 3.7 వోల్టుల దగ్గర 37 వాట్-గంటలు. బయటికి వచ్చేసరికి కొంత పోయి ఓ పాతిక, ముప్పై మిగులుతుంది. దండ 2.5 వాట్లు లాగితే పది గంటల పైన, 5 వాట్లు లాగితే ఐదారు గంటలు. ఇక్కడ ఎవరూ చెప్పని చిక్కొకటుంది. చాలా పవర్ బ్యాంకులు మరీ తక్కువ కరెంటు లాగితే ఫోను చార్జింగ్ అయిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి. చిన్న దండ పెడితే అర నిమిషంలో ఆరిపోవచ్చు. బయల్దేరే ముందు రోజు రాత్రి ఇంట్లో వెలిగించి చూడండి, ఆరిపోతుంటే రెండు దండలు ఒకే పవర్ బ్యాంకుకు పెట్టండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

అత్తయ్యగారి దారికి మాత్రం డబ్బు వెనకాడకండి, మీ బడ్జెట్లో పెద్ద భాగం దానికే పెట్టండి. టెంటు గుమ్మం నుంచి బాత్రూం దాకా, చీలమండ ఎత్తులో, నాలుగైదు అడుగులకొకటి చొప్పున నేలలో గుచ్చే సోలార్ లైట్లు, వెలుగు కిందకు పడే టోపీ ఉన్నవి. వీటికి పగలంతా నేరుగా ఎండ తగలాలి, మామిడి నీడలో గుచ్చితే రాత్రి తొమ్మిదింటికే మసకబారిపోతాయి, కాబట్టి పగలు ఎండలో ఓ వరుసగా పెట్టి సాయంత్రం దారికి మార్చండి. నవంబరులో మబ్బు పడితే దిక్కుండాలి కనుక ఆవిడ చేతికి ఒక చిన్న టార్చి, తాడు కట్టి మెడలో వేసుకునేది. లైట్లున్నాయని పాములు రాకుండా ఉండవు, మనకు కనపడతాయి అంతే, అందుకే లేచినప్పుడు చెప్పులు దులిపి వేసుకోమనండి.

ప్రమిదల గురించి మీ తోడికోడలు చెప్పిందీ కాదనను. కార్తీకమాసంలో తోటకు వెళ్లి ఉసిరి చెట్టు కింద దీపం పెట్టకపోతే ఎలా? ఎండుటాకులు ఊడ్చి, ఇసుక పోసిన పళ్లెంలో ప్రమిదలు పెట్టి, పక్కన బకెట్టుతో నీళ్లు ఉంచుకోండి, పెద్దవాళ్లొకరు దగ్గర కూర్చోండి. టెంటు లోపలికి మాత్రం ప్రమిద గానీ కొవ్వొత్తి గానీ కిరోసిన్ లాంతరు గానీ రావడానికి వీల్లేదు. టెంటు గుడ్డ నైలాను లేదా పాలిస్టరు, మంట తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, మూసిన టెంటులో లాంతరు వెలిగితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, దానికి వాసనుండదు.

చివరగా మూడేళ్ల పాప సంగతి. మంట లేని కొవ్వొత్తులని అమ్ముతారే, వాటిలోనూ కొన్ని చిన్న దండల్లోనూ బొత్తాం బ్యాటరీ ఉంటుంది. పిల్లలు మింగితే రెండు గంటల్లోపే అన్నవాహికను కాల్చేయగలదు. స్క్రూ బిగించిన మూత ఉంటేనే కొనండి, మూత గోటితో ఊడొస్తే అక్కడే వదిలేయండి. మింగిందన్న అనుమానం వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు, అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కొనడానికి బెంగళూరులో లైట్ల దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లండి. ఫోటో చూసి ఆన్‌లైన్లో కొనేకన్నా షాపులో వెలిగించి చూస్తే రంగు తెలుస్తుంది. వెలిగించాక ఫోను కెమెరా స్లో మోషన్‌లో పెట్టి దానివైపు పట్టండి, బాగా కొట్టుకుంటూ కనపడితే ఆ సరుకు వద్దు, దాని కింద గంటసేపు కూర్చుంటే కొందరికి తలనొప్పి వస్తుంది. తోట కాపలా ఆయన్ను ముందే అడగండి, ఆ వైపు ఏనుగులు వస్తున్నాయా అని. వస్తున్నాయంటే లైట్ల సంగతి పక్కన పెట్టి రాత్రి బసే మానుకోండి.

ప్రశ్న: మేం వైట్‌ఫీల్డ్ నుంచి కోలారు వైపు ఒక క్యాంపుకు వెళ్తున్నాం. ప్రతి టెంటు దగ్గరా ప్లగ్ పాయింటు ఉందన్నారు. ఇంట్లో దీపావళికి వాడిన సీరియల్ సెట్టు, ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్లొచ్చా?
- ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: వద్దండీ. ఇంట్లో వాడే సెట్టు గోడ లోపలివైపు కోసం చేసింది. బయట పెట్టేదాని మీద ఐపీ అని రెండంకెలు ఉంటాయి, మొదటిది దుమ్ముకు, రెండోది నీటికి. ఐపీ44 అంటే చినుకులు, తుంపర తట్టుకుంటుంది, ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, పైపుతో నీళ్లు కొట్టినా ఫర్వాలేదు. మంచు కురిసే రాత్రి గడ్డి మీద ఉండేదానికి 65 తీసుకోండి. దండకు ఐపీ65 ఉన్నా దాని అడాప్టరుకు, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఉండదు, చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ప్లగ్గు కలిసే చోటు నేలకు అడుగైనా పైన, ఏ రేకు కిందో ఉండాలి, వైరు ప్లగ్గు కన్నా కిందకు వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు నీటిబొట్టు కింద మెలిక దగ్గరే జారిపోతుంది. క్యాంపు వాళ్లను ఒక్క మాట అడగండి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉందా అని. లేదన్నా, అదేమిటన్నా, ఫోను చార్జింగుకు కూడా ఆ ప్లగ్గు వాడకండి.

ప్రశ్న: అక్కా, మా పాపకు పదేళ్లు, చీకటంటే భయం. టెంటులో రాత్రంతా లైటు ఉండాలంటుంది. ఉంచితే మిగతావాళ్లకు నిద్ర రాదు. ఏం చేయాలి?
- ఒక అమ్మ, బీటీఎం లేఅవుట్

జవాబు: లైటు టెంటు బయట పెట్టండి. గుమ్మం జిప్పు పక్కన, నేలమీద, ఎర్రటి లేదా ముదురు పసుపు రంగు చిన్న దీపం. గుడ్డ గుండా వచ్చే ఆ కాస్త వెలుగు పాపకు సరిపోతుంది, ఎరుపు కాంతి నిద్రను పెద్దగా చెడగొట్టదు, మధ్యలో లేచినా కళ్లు చెదరవు. తెల్లటి లైటు లోపల పెడితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది, బయటినుంచి చూసేవాళ్లకు టెంటు తోలుబొమ్మలాట తెరలా ఉంటుంది, లోపల ఎవరు బట్టలు మార్చుకుంటున్నారో నీడ స్పష్టంగా తెలుస్తుంది. ఆడవాళ్లు, ఆడపిల్లలు ఉన్న టెంటులో ఇది తప్పక గుర్తుపెట్టుకోవాలి, బట్టలు మార్చుకునేటప్పుడు లోపల లైటు ఎక్కడ పెట్టినా నీడ ఏదో ఒకవైపు గుడ్డ మీద పడుతుంది, అందుకని ఆర్పేయడమే మేలు. టార్చి పాప చేతికే ఇచ్చి దిండు కింద పెట్టుకోమనండి. స్విచ్చి తన చేతిలో ఉందంటే సగం భయం పోతుంది.

ప్రశ్న: అతినీలలోహిత టార్చి వేస్తే తేళ్లు మెరుస్తాయంటున్నారు, నిజమేనా? మేం రామనగర దగ్గర రాళ్ల మధ్య టెంటు వేయబోతున్నాం.
- ఒక పాఠకుడు, కెంగేరి

జవాబు: నిజమే. తేలు పెంకులో ఉన్న పదార్థం వల్ల ఆ కాంతి పడగానే నీలిపచ్చగా వెలుగుతుంది, కొన్ని మీటర్ల దూరంనుంచే తెలిసిపోతుంది. దొంగనోట్లు చూసే రకం టార్చి, 365 నుంచి 395 నానోమీటర్ల మధ్యది, చాలు. పడుకోబోయే ముందు మిగతా లైట్లు ఆర్పి, టెంటు చుట్టూ, రాళ్ల సందుల్లో, కట్టెల కుప్ప దగ్గర ఒకసారి తిప్పి చూసి ఆపేయండి, వెలుగుతూ ఉంచితే పురుగులు చేరతాయి. ఆ కాంతి ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు, పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వకూడదు. తేలు కనపడితే చంపడానికి పోకుండా పొడవాటి కర్రతో దూరంగా నెట్టేయండి. మన ప్రాంతాల్లో ఉండే ఎర్రతేలు కుడితే చిన్నపిల్లలకు ప్రాణం మీదకు వస్తుంది, గుండెమీద ప్రభావం ఉంటుంది. దీనికి ప్రాజోసిన్ అనే మందు బాగా పనిచేస్తుందని మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ చూపించారు, కానీ అది డాక్టరు ఇవ్వాల్సిందే. కుట్టినచోట కోయడం, మంత్రాలు వేయించడం అంటూ ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి, లేదా మీ బండిలోనే రామనగర ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి తాళాలు రాత్రి ఎక్కడ పెట్టారో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.